ఆదివారం గంట

అక్క: నేను అడిగేది పెద్దదేం కాదు తమ్ముడూ. వారానికి ఒక గంట. ఫోను పక్క గదిలో పెట్టి, నోటుబుక్కు ముందేసుకుని, ఈ వారం ఏం చేశాను, వచ్చే వారం దేనికి ఎంత పొద్దు పెట్టాలి, ఏడాది తిరిగేసరికి ఎక్కడ ఉండాలి అని ఎవరికి వారు ఆలోచించుకోవడం. మన బడంగ్‌పేట్ నుంచి పొద్దున్నే బయల్దేరి, ఆటోలో ఎల్బీనగర్ చేరి, మెట్రోలో అమీర్‌పేట దాకా పోయి, అక్కడ లైను మారి రాయదుర్గంలో దిగేవాళ్లు ఎంతమంది లేరు? రాత్రి ఇల్లు చేరి నాలుగు ముద్దలు తిని పడుకుంటే మళ్లీ పొద్దున. ఏడాది ఏమైందని అడిగితే చూపించడానికి కిస్తీలు కట్టిన మెసేజీలు తప్ప ఏమీ ఉండవు. ఆ గంట పెట్టుకోకపోతే ముప్పై ఏళ్ల మనిషి నలభైలో పడేది తెలియను కూడా తెలియదు.

తమ్ముడు: తెలియదన్నది నిజమే అక్కా. కానీ కూర్చుని రాసుకుంటే మెట్రో దూరం తగ్గదు, కిస్తీ తగ్గదు, రాత్రి తొమ్మిదింటికి మీటింగ్ పెట్టే మేనేజరు మారడు. వారంలో ఆ మనిషికి మిగిలేది ఒక్క ఆదివారం. అందులోంచి గంట తీసి దాన్ని కూడా పని చేయమంటున్నావు. పిల్లల్ని సరూర్‌నగర్ చెరువు గట్టుకు తీసుకుపోతే వచ్చే ఊరట ఆ నోటుబుక్కులో ఉంటుందా?

అక్క: పిల్లల్ని తీసుకుపోవడం ఏ ఆదివారం కుదిరింది చెప్పు? అనుకున్న ఆదివారమే కుదురుతుంది. అనుకోని ఆదివారం నిద్రకు, బట్టలకు, ఫోనుకు పోతుంది.

తమ్ముడు: సరే, ఆఫీసువాళ్లను పక్కన పెడదాం. నాకు తెలిసిన లోకం చెప్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏళ్లుగా పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. ప్రణాళిక వేసుకోని పిల్లవాడు నాకు ఇంతవరకు కనపడలేదు. చైతన్యపురిలోనో కొత్తపేటలోనో ఏ హాస్టలు గదికైనా పో, మంచం పక్కన గోడకు చార్టు అతికించి ఉంటుంది. స్కేలు పెట్టి గీసిన గళ్లు. ఐదు నుంచి ఏడు పాలిటీ, టిఫిను, ఎనిమిది నుంచి పది ఎకానమీ, సాయంత్రం తెలంగాణ ఉద్యమ చరిత్ర. పై మూలన ఎర్ర స్కెచ్‌తో పరీక్ష తేదీ. ఆ తేదీ ఒక్కటి చూడు అక్కా. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, 783 పోస్టులు. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు. తర్వాత నవంబరు 2, 3 అన్నారు. తర్వాత 2024 జనవరి 6, 7. తర్వాత ఆగస్టు 7, 8. జరిగింది డిసెంబరు 15, 16న. గోడ మీది చార్టులో ఒక తేదీ కొట్టేసి పక్కన ఇంకోటి, అదీ కొట్టేసి కింద ఇంకోటి, చివరికి చోటు లేక పైన చిన్న కాగితం ముక్క అతికించుకున్నారు. వీళ్లకు ప్రణాళిక లేదని ఎవరనగలరు?

అక్క: ఆ తేదీల కథ నేనూ పేపర్లలో చూసిందే. 2023 ఆగస్టులో వాయిదా వేయమని పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసు ముందుకు వచ్చింది అభ్యర్థులే. అదే నెలలో గురుకుల టీచర్ పరీక్షలున్నాయి, రెండూ ఎట్లా రాయాలన్నారు. మళ్లీ 2024లో, డీఎస్సీ అయిన రెండు రోజులకే గ్రూప్-2 పెడితే ఎప్పుడు చదవాలని అడిగిందీ వాళ్లే. నవంబరు తేదీ ఎన్నికలకు పోయింది, జనవరి తేదీ సర్కారు మారాక పోయింది, అవి వాళ్ల చేతిలో లేవు. మిగతా రెండుసార్లు మాత్రం, నేను ఏ పరీక్షకు చదువుతున్నాను అన్న ప్రశ్నకు జవాబు లేకనే వాయిదా వచ్చింది. గంటగంటకూ గళ్లు గీసిన చార్టులో ఆ ఒక్క గడి లేదు.

తమ్ముడు: ఆ గడి ఎందుకు లేదో తెలుసా? పెట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. తెలంగాణ వచ్చింది 2014లో. రాష్ట్రంలో మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, పేపర్లు బయటపడ్డాయని రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, అది హైకోర్టులో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషనే పోయి 563 పోస్టులతో కొత్తది వచ్చింది. మెయిన్స్ ఆ అక్టోబరులో. ఎనిమిదేళ్లకు ఒక తలుపు తెరుచుకుని, తెరిచిన తలుపు రెండుసార్లు మూసుకున్న చోట, 'నువ్వు ఒక్కటే ఎంచుకో, మిగతావి వదిలెయ్' అని ఎవరికి చెప్తాం? గురుకులం, డీఎస్సీ, గ్రూప్-2, గ్రూప్-4, ఏది దొరికితే అది. దాన్ని నిలకడలేనితనం అనొద్దు అక్కా. ఇంటి దగ్గర అమ్మానాన్న ఎదురుచూస్తుంటే ఎవరైనా అదే చేస్తారు.

అక్క: నిలకడలేనితనం అనను. నువ్వు చెప్పిన గ్రూప్-1 లెక్క దగ్గర నాకు ఎదురుమాట లేదు. రెండుసార్లు పరీక్ష రాసి రెండుసార్లూ రద్దయిన పిల్లకు, నీ ప్లానింగ్ బాగాలేదమ్మా అని చెప్పేవాళ్లు పాపం మూటగట్టుకుంటారు. నేనంటున్నది వేరే. తేదీ సర్కారు చేతిలో ఉన్నప్పుడు తేదీకి కట్టిన ప్రణాళిక వారం వారం విప్పి కట్టుకోవాలి. మీ పిల్లలు చార్టు ఒకసారి గీసి గోడకు అతికించారు. కూర్చోలేదు. నేను చార్టు గురించి మాట్లాడటం లేదు, కూర్చోవడం గురించి మాట్లాడుతున్నాను.

తమ్ముడు: కూర్చున్నా మనిషి మనసు తనను తానే మోసం చేసుకుంటుంది. 1994లో కెనడాలో రోజర్ బ్యూలర్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు డిగ్రీ ఆఖరి ఏడు పిల్లల్ని, మీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే అంటే, 49 అన్నారు. పట్టింది 55. అన్నీ ఎదురు తిరుగుతాయని ఊహించుకున్న లెక్క కూడా సరిపోలేదు. వాళ్లు పైగా తమ పని తాము చేసుకుంటున్నవాళ్లు, మధ్యలో కమిషనూ కోర్టూ లేవు. వారం వారం కూర్చుంటే వారం వారం కొత్తగా తక్కువ అంచనా వేస్తారు, తప్పిందని వారం వారం తమనే తిట్టుకుంటారు. మా పిల్లల్లో నాకు భయం పుట్టించేది ఇదే. సిలబస్ పూర్తి కాకపోతే ఫర్వాలేదు, 'నేను పనికిరాను' అన్న మాట చార్టు చూసి నేర్చుకుంటున్నారు.

అక్క: ఆ మాట నేర్పింది చార్టా, చార్టు పక్కన మీరు అంటించే పోస్టర్లా? 1953లో ఏల్ యూనివర్సిటీలో నూటికి ముగ్గురే లక్ష్యాలు రాసుకున్నారని, ఇరవై ఏళ్ల తర్వాత ఆ ముగ్గురి ఆస్తి మిగతా అందరి ఆస్తి కంటే ఎక్కువైందని ప్రతి వ్యక్తిత్వ వికాసం క్లాసులో చెప్తారే?

తమ్ముడు: అట్లాంటి అధ్యయనమే జరగలేదు అక్కా. ఏల్ వాళ్లే వెతికి లేదన్నారు. అయినా చెప్తూనే ఉన్నారు. నీ పక్షానికి బలమైన కథ అదే, అది కట్టుకథ.

అక్క: నా పక్షానికి ఆ కథ అక్కర్లేదు, అది పోతేనే మంచిది. రాసుకుంటే కోటీశ్వరులవుతారని నేను ఎవరికీ చెప్పను. నాకు నమ్మకమున్నది చిన్న సంగతి మీద. పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 'వ్యాయామం చేస్తాను' అనుకోవడానికీ, 'పొద్దున నల్లా కట్టేయగానే చెప్పులేసుకుని గల్లీ చివరిదాకా నడుస్తాను' అనుకోవడానికీ ఉన్న తేడాను ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అన్నది ముందే అనుకున్నవాళ్లు అనుకున్నది చేయడం గట్టిగానే ఎక్కువ. నీ 34 రోజులు, 55 రోజుల పరిశోధన కూడా నాకు ఎదురు కాదు. మనిషి అంచనా తప్పుతుంది కాబట్టే ఒక్కసారి కాకుండా మళ్లీ మళ్లీ కూర్చోవాలంటున్నాను.

తమ్ముడు: చిన్న పనికి అది పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. నడకకు, మందు వేసుకోవడానికి, రోజూ పది లెక్కలు చేయడానికి. మా క్లాసులో నేను చెప్పేదీ అదే, 'చదువుతాను' అనకు, 'మెస్సులో టీ తాగి వచ్చి శాతాలు చేస్తాను' అను అని. కానీ నువ్వు అడిగే గంట దానికోసం కాదు. 'ఎటు పోతున్నాను' అని అడుగుతుంది నీ గంట. అంత పెద్ద ప్రశ్న మనిషి ఒక్కడే గదిలో కూర్చుని తనను తానే అడిగితే వచ్చే జవాబు మీద నాకు నమ్మకం లేదు.

అక్క: ఒక్కడే కూర్చోవాలని ఎవరన్నారు? మా పొదుపు సంఘం చూశావా ఎప్పుడైనా?

తమ్ముడు: పక్కింట్లోనే కూర్చుంటారు, మాటలు వినపడతాయి.

అక్క: మాటలు విన్నావు, పుస్తకం చూడలేదు. తీర్మానాల పుస్తకంలో పేజీ పైన తేదీ, ఎవరింట్లో కూర్చున్నాం, ఎవరు అధ్యక్షత. కింద వరసగా పేర్లు, పేరు ఎదురుగా సంతకం. ఇద్దరికి వేలిముద్ర. ఆ తర్వాత ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరు అప్పు అడిగారు, దేనికి, ఎన్ని కిస్తీల్లో తీరుస్తారు. రానివాళ్ల పేరు పక్కన ఎందుకు రాలేదో ఒక మాట. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మావాళ్లు మాకు మొదట నేర్పిందే పంచసూత్రాలు. క్రమం తప్పకుండా సమావేశం, క్రమం తప్పకుండా పొదుపు, లోపల అప్పులిచ్చుకోవడం, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. అందులో పైసల కంటే ముందు సమావేశం ఉంది చూడు. బ్యాంకువాళ్లు కూడా లోను ఇచ్చే ముందు అదే చూస్తారు. అల్మాస్‌గూడ నుంచి వచ్చే ఒకావిడ 'కుట్టు మిషను కొనాలి' అని ఏడాదిగా అంటుంటే, ఒక సమావేశంలో మేం అడిగాం, కొన్నాక ఎవరి బట్టలు కుడతావు, రోజుకు ఎంతసేపు, కరెంటు బిల్లు ఎవరు కడతారు అని. ఆవిడ ఆలోచించుకుని మిషను వద్దంది. ఫాల్స్, పీకో పని తెచ్చుకుంది ముందు. అది ప్లానింగ్ కాకపోతే ఏంటి తమ్ముడూ?

తమ్ముడు: ప్లానింగే. కాదనడానికి లేదు. కానీ అది నా వాదన అక్కా, నీది కాదు! ఆవిడ ఒక్కతే నోటుబుక్కుతో కూర్చుంటే మిషనే కొనేది. పదిమంది అడిగితేనే ఆగింది.

అక్క: పదిమంది అడిగేది క్రమం తప్పకుండా కూర్చునే చోటు ఉన్నందుకే. దూబగుంట తెలుసు కదా, నెల్లూరు జిల్లాలో. 1990ల మొదట్లో అక్షర దీపం అని ఆడవాళ్లకు రాత్రి చదువులు పెట్టారు. వాళ్లు వచ్చింది అ ఆ లు దిద్దడానికి. సారా దుకాణం మూయించాలన్న లక్ష్యంతో ఎవరూ రాలేదు. రోజూ ఒకచోట కూర్చున్నందుకు, కూర్చున్నవాళ్లు తమ ఇళ్లల్లో ఏం జరుగుతున్నదో ఒకరికొకరు చెప్పుకున్నందుకు ఆ మాట బయటికొచ్చింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం. ఆ జిల్లాలోనే రోజుకు రూపాయి పొదుపు మొదలైంది. నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. మనం లక్ష్యం పెట్టుకుని గంట వెతుక్కుంటాం. వాళ్లు గంట పెట్టుకున్నారు, లక్ష్యం వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది.

తమ్ముడు: ఇది నేను కూడా కాదనలేను. అయితే ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. సంఘానికి పోతున్నానంటే మీ ఇంట్లో ఒప్పుకుంటారు, ఎందుకంటే అక్కడి నుంచి లోను వస్తుంది. అదే, 'ఆదివారం పొద్దున గంటసేపు నా గురించి నేను ఆలోచించుకుంటాను, నన్ను పిలవొద్దు' అని చెప్పి తలుపేసుకో. ఎంతమంది ఇళ్లల్లో సాగుతుంది? 2024 టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే ఇస్తున్నారు, మగవాళ్లు 88. గంట పెట్టుకోండి అన్న సలహా ఎవరి చేతిలో గంట ఉందో వాళ్లకే పనికొస్తుంది. లేనివాళ్లకు అది ఇంకో తప్పు అవుతుంది. ఇల్లు చక్కబెట్టలేదు, పిల్లల హోంవర్క్ చూడలేదు, ఇప్పుడు లక్ష్యం కూడా రాసుకోలేదు.

అక్క: కోపం ఎందుకు, ఉన్నమాటే. సాగదు. మొదటివారం నవ్వుతారు, రెండోవారం తలుపు కొడతారు. ఆ గంట ఎంత కష్టమో నాకంటే నీకు ఎక్కువ తెలియదు. కానీ 289 నిమిషాల్లోంచి అరవై తీయడం కుదరదన్న సంగతి ఆ మనిషికి కూడా ఎప్పుడు తెలుస్తుంది? అడిగినప్పుడే. అడగనంతకాలం ఇంట్లో ఎవరికీ అది సమస్యే కాదు. చాలామంది ఆడవాళ్లకు మొదటి లక్ష్యం ఆ గంటే. తర్వాత రాసుకునేవి తర్వాత.

తమ్ముడు: అట్లా అంటే నాకు అభ్యంతరం లేదు. నా భయం ఇంకోచోట ఉంది. లక్ష్యం రాసుకున్న మనిషి దానికి కట్టుబడిపోతాడు. నువ్వు వారం వారం కూర్చోమంటున్నావు, మా పిల్లవాడు వారం వారం కూర్చుని 'గ్రూప్స్ కొట్టి తీరాలి' అని మళ్లీ రాస్తాడు. వయోపరిమితి 34 ఉండేది. 2022 మార్చిలో 44 చేశారు. 2024లో 46 చేశారు. నోటిఫికేషన్లు లేక నష్టపోయినవాళ్లకు న్యాయమే, నేను తప్పుపట్టను. కానీ ఏం జరిగిందో చూడు. ముప్పై నాలుగు దాటాక ఊరికి పోయి ఇంకో పని చూసుకుందామని మనసు గట్టి చేసుకున్న మనిషికి ఇంకో పదేళ్లు దారి తెరిచారు. కిరాయి ఊరి నుంచే వస్తుంది, మెస్సు పైసలు తమ్ముడు పంపుతాడు, పెళ్లి మాట ఎత్తితే 'ఈ ఒక్కసారి రాయనీ' అంటాడు. లక్ష్యం లేక చెడిపోయినవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. లక్ష్యం వదల్లేక నలిగిపోయినవాళ్లను నేను రోజూ బెంచీల మీద చూస్తున్నాను. గ్రూప్-2కు ఐదున్నర లక్షల మంది అప్లై చేశారు. పరీక్ష నాడు వచ్చింది సగం కంటే తక్కువ. రానివాళ్లు ఏమయ్యారని ఎవరూ అడగలేదు.

అక్క: ఇప్పటిదాకా నువ్వు చెప్పినవాటిలో ఇదే నన్ను ఆపింది. నిజం. నా నోటుబుక్కులో ఆ పేజీ లేకపోతే నా సలహా ప్రమాదమే. ఎప్పుడు మానాలి అన్న పేజీ. ఎన్ని ప్రయత్నాలు, ఎంత అప్పు, ఎన్నేళ్లు. మొదటిరోజే రాయాలి, పరీక్ష తప్పిన రాత్రి కాదు. మా సంఘంలో అప్పు ఇచ్చేరోజే తీరే తేదీ రాస్తాం, ఇది కూడా అట్లాగే.

తమ్ముడు: ఎవరూ రాయరు అక్కా. మానే తేదీ రాస్తే ముందే ఓడిపోయినట్టని మేమే నేర్పాం వాళ్లకు. రాసినా, నోటిఫికేషన్ ఇదిగో అదిగో అంటే ఆ తేదీ కూడా జరుగుతుంది. పరీక్ష తేదీ నాలుగుసార్లు జరిగిన చోట మానే తేదీ నిలబడుతుందా?

అక్క: ఒక్కడే రాసుకుంటే నిలబడదు. ఇంట్లోవాళ్ల ముందు రాయాలి. నాన్నను హాస్టలుకు పిలిపించి ఒక్క ఆదివారం ఆ పేజీ ముందు కూర్చోబెట్టాలి.

తమ్ముడు: నాన్న కూర్చుంటే అది నాన్న పేజీ అవుతుంది. ఎకరం అమ్మినవాడు 'మానెయ్' అంటాడా, 'ఇంకోసారి రాయి' అంటాడా? రెండింటిలో ఏదన్నా పిల్లవాడికి తన జవాబు మిగలదు.

అక్క: అయితే మీ సెంటర్లో పెట్టు. శనివారం చివరి గంట పాఠం ఆపి, పదిమంది పదిమందిగా కూర్చోబెట్టు. సంఘంలా. పేర్లు, సంతకాలు, ఎవరు ఏ పరీక్ష వదులుకుంటున్నారు, ఎవరికి ఎంత అప్పయింది, ఎప్పటిదాకా.

తమ్ముడు: పిల్లలు మానుకుంటే ఫీజులు ఆగిపోతాయి, యాజమాన్యం ఒక్క శనివారం కూడా ఒప్పుకోదు. బయట, ఏ చెట్టు కిందనో, నేను కూర్చోబెడతాను. కానీ పుస్తకం పెట్టను. మాట్లాడుకోనిస్తాను, అంతే. కాగితం చూస్తేనే మా వాళ్లకు పరీక్ష గుర్తొస్తుంది.

అక్క: రాయకపోతే నాలుగో వారానికి నువ్వొక్కడివే కూర్చుంటావు.

తమ్ముడు: రాయమంటే రెండోవారం నుంచే అబద్ధాలు రాస్తారు.

అక్క: మా దగ్గరా రాశారు తమ్ముడూ. బయట మిత్తికి ఎంత తెచ్చారో ఏడాది దాకా ఒక్కరూ నిజం చెప్పలేదు. అయినా పుస్తకం ఆపలేదు.

తమ్ముడు: మీకు ఏడాది ఉంది అక్కా. మా దాంట్లో సగం మందికి వచ్చే నోటిఫికేషన్ దాకానే ఉంది.